కండబలపు లెక్క తేల్చిన తెలుగువాడు: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

మన గ్రామ గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు నిండించుకొని రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున, సంచిక కొఱకు ఒక మహనీయుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను కాను. గ్రామ లెక్కలు వ్రాసికొనుచు, తీరిక దొరకిన వేళల భారత భాగవతములను స్వయముగ చదివికొని నాలుగక్షరములు నేర్చినవాడను. శాస్త్రజ్ఞుడను అంతకన్నను కాను. ఐనను లెక్కలతో బ్రతుకు గడపినవానికి ఒక అభ్యాసము అబ్బును. రాబడి యెక్కడిది, ఖర్చు దేనికి, నిలువ యెంత అని అడుగక మానడు. ఈ మూడు ప్రశ్నలను మానవదేహములోని కండను గూర్చి అడిగి, సమాధానము రాబట్టిన తెలుగువాడు ఒకడుండెనని మన గ్రంథాలయములోని పుస్తకము వలననే నేను తెలిసికొంటిని. అందుచేత ఆయన కథనే ఎన్నుకొంటిని.

బలమనగానే మనకు భీమసేనుడు తోచును, ఆంజనేయుడు తోచును. కలికాలమున కోడి రామమూర్తి నాయుడుగారు తోచుదురు. ఆయన శ్రీకాకుళ ప్రాంతమునందలి వీరఘట్టమున పుట్టి, రొమ్ముపై ఏనుగును నిలుపుకొని, ఉక్కు గొలుసులను త్రెంచి, దేశదేశముల పేరు గడించిరి. చూచినవారు చప్పట్లు చరచిరి. కాని ఆ బలము కండలోనికి ఎక్కడినుండి వచ్చుచున్నది, ఏ రూపమున నిలువయుండును, ఎట్లు వ్యయమగును అను సంగతి మల్లునికిని తెలియదు, చూపరులకును తెలియదు. ఆ సంగతి తెలిసికొన్నవానికి చప్పట్లు లేవు. ఆయన పేరు నేటికిని మన పల్లెలలో పదిమందికి తెలియదు. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ముందుగ కండరమన నేమో చదువరులకు మనవి చేసెదను. మన దేహపు బరువులో దాదాపు అయిదింట రెండు వంతులు కండరములే. ఇవి మూడు తెగలు. మొదటి తెగ ఎముకలను అంటియుండునది. ఇవి ఆరు వందలకు మించి యున్నవి. దండచేతిని, పిక్కను, తొడను తడిమి చూచినపుడు మన చేతికి తగులునవి ఇవియే. ఇవి మన ఇచ్ఛకు లోబడి పనిచేయును. సూక్ష్మదర్శినిలో చూచిన పొడవైన పోగులుగను, పోగులపై అడ్డచారలతోను కనబడును. రెండవ తెగ ఆహారకోశము, ప్రేవులు, రక్తనాళములు, మూత్రాశయము, గర్భకోశము వీని గోడలయందుండునది. దీనికి చారలు లేవు. దీని కణములు కదురువలె నడుమ లావుగను కొనలు సన్నముగను ఉండును. ఇది మన అనుమతిని కోరదు. మనము నిదురించుచున్నను తన పని తాను నెమ్మదిగ చేసికొనిపోవును. మూడవది గుండె కండరము. దీనికి చారలున్నవి గాని ఇదియు మన మాట వినదు. దీని కణములు కొమ్మలుగ చీలి ఒకదానితో నొకటి అతుకుకొని యుండుటచే గుండె అంతయు ఒక్కుమ్మడిగ ముడుచుకొనును. దినమునకు దాదాపు లక్ష సారులు కొట్టుకొనును. తల్లి గర్భమునందు మొదలుపెట్టిన పనిని తుదిశ్వాస వరకు మానదు. ఒక్క దినమైనను సెలవు పుచ్చుకొనని ఉద్యోగి ఎవరనగా ఇదియే.

ఎముకల కండరమును విప్పి చూచిన, పగ్గమును విప్పి చూచినట్లే యుండును. పగ్గములో పురులు, పురిలో పోగులు, పోగులో పీచు. అట్లే కండరములో కట్టలు, కట్టలలో పోగులు, పోగులో అసంఖ్యాకములగు సన్నని తంతువులు. తంతువులో మాంసకృత్తులతో నైన రెండు రకముల దారములు ఒకదాని సందున నొకటి చొప్పించినట్లు అమరియుండును. లావు దారము పేరు మయోసిన్, సన్న దారము పేరు ఆక్టిన్. కండ ముడుచుకొనునపుడు ఈ దారములు పొట్టివగుట లేదు, ఒకదానిపై నొకటి జారుచున్నవని 1954లో పాశ్చాత్య శాస్త్రజ్ఞులు రెండు జట్లుగ వేర్వేరుగ పరిశోధించి చాటిరి. మన కొమ్మమూరు కాలువ గట్టున పూర్వము పడవలను త్రాటితో లాగుచు నడచిన వారిని పెద్దలు ఎరుగుదురు. మయోసిన్ దారమునకుండు చిన్న తలలు అట్టి పనివారే. అవి ఆక్టిన్ దారమును పట్టి, లాగి, విడిచి, మరల ముందుకు పట్టును. ఆ పట్టులన్నియు కలిసి మన చేయి మడచుటయు, అడుగు వేయుటయు అగుచున్నవి. ఒక్కొక్క పట్టునకును కూలి చెల్లింపవలెను. ఆ కూలి ఏ నాణెమున చెల్లింపబడునో కనుగొనుటయే సుబ్బారావుగారి పాలబడిన పని.

వారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మగారు. సంతానము ఏడుగురు. తండ్రి ఆరోగ్యము చెడి ముందుగనే ఉద్యోగమును విడువవలసివచ్చుటచే ఇల్లు గడచుట కష్టమయ్యెను. పదుమూడేండ్ల ప్రాయమున బాలుడు ఇల్లు విడిచి పారిపోయెను. కాశికి పోయి, యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఆతని సంకల్పము. వెదకి పట్టుకొని వెనుకకు తెచ్చి మరల బడిలో వేసిరి. రాజమహేంద్రవరమున చదువు సాగుచుండగనే ఇంటిలో ఆప్తుల మరణములు సంభవించెను. చదువు కుంటుపడెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు సారులు తప్పెను. మూడవసారి చెన్నపట్టణము తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలు నుండి వ్రాసి కృతార్థుడయ్యెను. రెండు సారులు తప్పిన ఈ బాలుని చూచి ఆనాడు ఎవరేమనుకొనిరో ఊహించుకొనుడు. మన ఊరిలోనైన ఏమనుచుందుమో అదియే అనుకొనియుందురు.

రాజమహేంద్రవరము నుండి చెన్నపట్టణమునకు పోవు రైలు మన తెనాలి, బాపట్ల స్టేషనుల మీదుగనే పోవును. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగిన నాటికి సుబ్బారావుగారు పదునెనిమిదేండ్ల యువకులు. ఆ బండి కిటికీ నుండి మన వరిచేలను, తాటితోపులను చూచుచు పోయిన వందలాది తెలుగు విద్యార్థులలో ఈయన ఒకరు. అట్టివారిలో ఎవరు ఏమగుదురో చేలలో నిలిచి బండిని చూచువానికి తెలియునా!

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు ముగియునాటికి ఆయన మనస్సు సన్న్యాసము వైపు తిరిగెను. రామకృష్ణ మఠమున చేరి లోకసేవ చేయవలెనని తలచిరి. తల్లి సమ్మతింపలేదు. తల్లి అనుమతి లేనిదే మఠమువారును చేర్చుకొనలేదు. వైద్యము నేర్చినచో అదియు సేవయే యని పెద్దలు చెప్పగా 1915లో మదరాసు వైద్య కళాశాలలో చేరిరి. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని వివాహమాడిరి. మామగారు చదువునకు ధనసహాయము చేసిరి.

అది గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట వినవచ్చుచున్న కాలము. సుబ్బారావుగారు ఖద్దరు బట్టతో కుట్టించిన అంగీ తొడుగుకొని శస్త్రచికిత్స తరగతికి పోయిరి. ఆంగ్లేయుడగు ఆచార్యునికి అది కంటగింపయ్యెను. వ్రాతపరీక్షలలో చక్కగ కృతార్థులైనను ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు. దానికన్న తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమును మాత్రము ఇచ్చిరి. ఒక అంగీ వెల ఎంత పడినదో చూడుడు. ప్రభుత్వ వైద్యోద్యోగము దొరకలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రము బోధించు పని దొరకెను. ఎముకను, కండను, నరమును శిష్యులకు చూపి చెప్పుచు కొంతకాలము గడపిరి.

ఆ రోజులలోనే ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను వ్యాధితో కొలది దినముల తేడాలో మరణించిరి. అది ప్రేవులను పాడుచేసి, తిన్న అన్నము ఒంటబట్టనీయక, రక్తమును క్షీణింపజేయు రోగము. వైద్యము నేర్చిన సోదరుడు ప్రక్కనుండియు చేయగలిగినది లేకపోయెను. ఆనాడు ఆ వ్యాధికి మందు లేదు. ఈ దుఃఖము ఆయన మనస్సున నాటుకొనెను. ఉష్ణదేశ వ్యాధులను గూర్చి నేర్వవలెనని అమెరికా పోవ నిశ్చయించిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ వారును, మామగారును సహాయము చేయగా 1923లో బోస్టను నగరము చేరి హార్వర్డు విశ్వవిద్యాలయమున ప్రవేశించిరి. కొన్ని యేండ్లలో తిరిగి వత్తునని భార్యతో చెప్పి పోయిరి. వారికి కలిగిన మగశిశువు తొమ్మిది నెలల ప్రాయముననే చర్మవ్యాధిచే మరణించెను. ఆయన మరల స్వదేశమునకు రానేలేదు. ఆ యిల్లాలు భర్తను మరల చూడనేలేదు. మహనీయుల జీవితములు వ్రాయునపుడు ఇట్టి పద్దులను మరుగుపరచుట ఆచారము. నేను లెక్కలు వ్రాయువాడను గనుక ఖర్చు వైపును చూపుచున్నాను.

బోస్టనులో ఆయన పట్టము వైద్యవృత్తికి చెల్లలేదు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో కూలిపని. రోగుల మలమూత్ర పాత్రలను ఎత్తి శుభ్రము చేయు పనిని ఆయన చేసిరి. 1924లో ఉష్ణదేశ వైద్యమున డిప్లమా పొంది, పిమ్మట జీవరసాయన శాఖలో చేరిరి. అచట ఆచార్యుడు ఆటో ఫోలిన్. సుబ్బారావుగారు సైరస్ ఫిస్కె అను శాస్త్రజ్ఞునితో కలిసి పనికి దిగిరి.

వారికప్పగింపబడిన పని చూపునకు చిన్నది. రక్తమునందును మూత్రమునందును భాస్వరము ఎంత యున్నదో తేలికగ లెక్కించు విధానము కావలెను. వారు కొన్ని రసాయనములను చేర్చి, భాస్వరమున్నచోట నీలిరంగు పుట్టునట్లు చేసిరి. రంగు చిక్కదనమును బట్టి భాస్వరపు పాలు తెలియును. 1925లో ప్రకటింపబడిన ఈ విధానము వారిరువురి పేరుతోనే నేటికిని విద్యార్థులకు నేర్పబడుచున్నది.

పిమ్మట ఈ విధానమును కండరపు రసముపై ప్రయోగించిరి. అపుడొక చిక్కు వచ్చెను. నీలిరంగు వెంటనే పూర్తిగ రాలేదు. మొదట కొంత వచ్చి, ఆలస్యముగ మరికొంత, మరికొంత చిక్కబడసాగెను. మరియొకరైన విధానమున దోషమున్నదని త్రోసివేసియుందురు. ఇచట నాకు నా అనుభవమొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. ఒకయేడు శిస్తు లెక్కలో కొలది రూపాయల తేడా వచ్చెను. సరిపెట్టివేయుమని ప్రక్కవారు చెప్పిరి. మనసొప్పక వారము దినములు వెదకగా, ఒక చెక్క భూమియే పుస్తకమునకెక్కలేదని తేలెను. తేడా చిన్నదే గాని దాని వెనుక దాగినది చిన్నది కాదు. సుబ్బారావుగారును ఫిస్కెయు ఆ తేడాను విడువలేదు. కండలో భాస్వరము విడిగ మాత్రమే లేదనియు, మరొక పదార్థముతో జతకూడి దాగియున్నదనియు, పరీక్షలోని ఆమ్లము తగిలినపుడు ఆ జత మెల్లగ విడిపోవుటచేతనే రంగు ఆలస్యమగుచున్నదనియు గ్రహించిరి. ఆ జతగాడు క్రియాటిన్. ఈ సంయోగమునకు ఫాస్ఫోక్రియాటిన్ అని పేరు. 1927లో ఈ సంగతి లోకమునకు తెలిపిరి. అదే కాలమున ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులును ఇట్టి పదార్థమును గమనించిరి.

అంతకన్న ముఖ్యమైనది మరొకటి. కండను పనిచేయించిన ఈ పదార్థము తరుగును. విశ్రాంతి నిచ్చిన మరల నిండును. ద్రౌపది అక్షయపాత్ర దినమునకొకసారి నిండెడిదని చదివితిమి. ఇది మన కండలో దినమునకు ఎన్ని సారులైనను నిండుచున్న పాత్ర. అంతవరకు శాస్త్రజ్ఞులు కండ ముడుచుకొనుటకు లాక్టిక్ ఆమ్లమే కారణమని నమ్మియుండిరి. కండరములపై పరిశోధించిన హిల్, మెయర్‌హాఫ్ అను వారికి 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము వచ్చియుండెను. 1930లో డెన్మార్కు దేశపు లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ చేసినను కండ పనిచేయుననియు, అపుడు ఫాస్ఫోక్రియాటిన్ తరుగుననియు చూపెను. పాత సిద్ధాంతము కూలిపోయెను.

1929లో ఫిస్కె, సుబ్బారావుగారలు కండరము నుండి మరియొక పదార్థమును వేరుపరచిరి. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, పొట్టిగ ఏ.టి.పి. దీని తోకకు భాస్వరపు ముడులు మూడున్నవి. చివరి ముడి ఊడినపుడు శక్తి వెలువడును. ఆ యేడే జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును దీనిని విడిగ కనుగొని, కొలదిగ ముందు ప్రకటించెను. ఉన్నదున్నట్లు చెప్పుట ధర్మము గనుక ఇరువురి పేరును చెప్పుచున్నాను. పది యేండ్ల పిమ్మట, 1939లో, సోవియట్ దేశపు శాస్త్రజ్ఞులు మయోసిన్ దారమే ఏ.టి.పి.ని విడగొట్టునని చూపిరి. కాలువ గట్టున పడవ లాగు పనివాని చేతిలో పడు నాణెము దొరకినది. కండలోనే కాదు, చెట్టులోను, చేపలోను, కంటికి కనబడని క్రిమిలోను చెల్లుచున్న నాణెము ఇదియే.

దీని చెల్లుబాటు ఎట్లుండునో మన ఊరి చెడుగుడు ఆటలో చూడవచ్చును. కూత పెట్టి గీత దాటిన ఆటగాడు ఒక్క ఉదుటున దుముకును. కండలో సిద్ధముగనున్న ఏ.టి.పి. రెండు మూడు క్షణములకే సరిపోవును. అది చేతిలోని పైకము. వెంటనే ఫాస్ఫోక్రియాటిన్ తన భాస్వరమునిచ్చి ఖర్చయిన నాణెమును మరల చెల్లునట్లు చేయును. అది రొంటిలోని చిల్లర, సుమారు పది క్షణముల వరకు వచ్చును. ఆపై కండలో నిలువయున్న చక్కెర సరకును విడగొట్టి నాణెములు పోయవలెను. అది ఇంటిలోని గాదె. గంటల తరబడి నాట్లు వేయు స్త్రీకి, తెనాలి బియ్యపు మిల్లులలో బస్తాలు మోయు ముఠా కూలికి గాదెయొక్కటే చాలదు. శ్వాసతో వచ్చు ప్రాణవాయువు సహాయమున చక్కెరను, క్రొవ్వును నెమ్మదిగ మండించుకొనవలెను. ఆ క్రొవ్వు పాతరలోని ధాన్యము. ఏ నిలువ నుండి తెచ్చినను తుదకు ఏ.టి.పి.గ మార్చినగాని కండ పుచ్చుకొనదు. ఒక మనిషి ఒక దినమున మార్చి మార్చి వాడుకొను ఏ.టి.పి.ని కూడి చూచిన దాదాపు అతని దేహపు బరువంత యగునని అంచనా.

ఇంకొక వింత. ప్రాణము పోయిన కొన్ని గంటలకు దేహము కట్టె వలె బిగియును గదా. దానికిని కారణమిదియే. మయోసిన్ తలలు పట్టిన దారమును విడుచుటకు ఏ.టి.పి. వచ్చి చేరవలెను. అది లేనపుడు పట్టినవి పట్టినట్లే నిలిచిపోవును. పట్టుకొనుటకే కాదు, విడుచుటకును శక్తి కావలెనని ప్రకృతి మనకు నేర్పుచున్నది.

ఇంతటి పని చేసిన వానికి దక్కినదేమి? 1930లో డాక్టరేటు పట్టము వచ్చెను. హార్వర్డులో శాశ్వతోద్యోగము రాలేదు. ఆయన తన పేరును ముందుకు తోసికొను స్వభావము గలవారు కారు. గౌరవమంతయు ఫిస్కెకు చెందునట్లే మెలగిరి. ఆయన పరిశోధనలు కొన్ని ఆ రోజులలో వెలుగు చూడక మరుగుపడెననియు, వానిని తరువాత ఇతరులు మరల కనుగొనవలసివచ్చెననియు ఆయనతో పనిచేసిన జార్జి హిచింగ్స్ పిమ్మట చెప్పిరి. ఈ హిచింగ్సుకు 1988లో నోబెలు బహుమానము వచ్చెను. దేహమునందు ఏ.టి.పి. ఎట్లు తయారగునో తెలిపిన వారికి 1997లో నోబెలు బహుమానమిచ్చిరి. సుబ్బారావుగారికి రాలేదు. ఆంజనేయునికి తన బలము తనకు తెలియదట, జాంబవంతుడు చెప్పవలసి వచ్చెను. సుబ్బారావుగారి తరపున చెప్పు జాంబవంతుడు ఆనాడు ఆ కొలువులో లేకపోయెను.

1940లో ఆయన హార్వర్డు విడిచి న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లె ఔషధశాలకు పోయి పరిశోధనలకు నాయకులైరి. అచటి ఎనిమిదేండ్లలో ఆయన నడపిన జట్లు సాధించినవి ఒక్కొక్కటియే ఒక జీవితమునకు చాలును. ఫోలిక్ ఆమ్లమను విటమినును వేరుపరచి 1945లో ప్రయోగశాలలో తయారుచేసిరి. అది రక్తహీనతకును స్ప్రూ వ్యాధికిని మందయ్యెను. సోదరులను మ్రింగిన వ్యాధికి మందు చేతికందునప్పటికి ఇరువది యేండ్లకు పైగ గడచిపోయెను. ఆ సోదరులకు అక్కరకు రాలేదు. ఎవరి సోదరులకో వచ్చినది. గర్భిణీ స్త్రీలకు నేడు మన ఆరోగ్య కేంద్రములలో ఇచ్చు మాత్రలలో ఇనుముతో కూడ ఉండునది ఈ ఫోలిక్ ఆమ్లమే.

ఫోలిక్ ఆమ్లమును పోలి, దానికి విరుద్ధముగ పనిచేయు మందులను ఆయన జట్టు తయారుచేసి యిచ్చెను. వానితో బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరు వచ్చిన పసిబిడ్డలకు చికిత్స చేసి, కొందరికి తాత్కాలికముగనైనను వ్యాధి వెనుదిరిగినట్లు 1948లో ప్రకటించెను. క్యాన్సరును మందుతో ఎదుర్కొనవచ్చునన్న ఆశకు అది నాంది. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. టెట్రాసైక్లిన్ కోవకు మొదటిదగు ఆరియోమైసిన్ అను మందును, మట్టిలోని క్రిమి నుండి, డుగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు అచటనే కనుగొనెను. అది లోకమునకు 1948లో వెల్లడి యయ్యెను.

మరియొక మందును గూర్చి చెప్పక విడువలేను. 1947లో వెలువడిన దాని పేరు హెట్రజాన్. బోదకాలునకు మూలమగు క్రిములను రక్తమునందు నశింపజేయునది. కాలువలు, మురుగు గుంటలు, దోమలు గల ఈ డెల్టాలో బోదకాలు ఎంతటి బాధయో వేరుగ చెప్పనక్కరలేదు. నా చిన్నతనమున మా మాతామహికి ఆ వ్యాధి ఉండెడిది. జ్వరము వచ్చినపుడెల్ల ఆమె కాలు చాపుకొని అరుగుపై కూర్చుండి, పెండ్లిండ్లకును పేరంటములకును పోక, వచ్చినవారికి కనబడకుండ చీరె చెంగు కాలిపై కప్పుకొనెడిది. 2004 నుండి ప్రభుత్వమువారు ఈ వ్యాధి గల జిల్లాలలో డి.ఇ.సి. అను మాత్రలను ఇంటింట పంచుచు వచ్చిరి. అది హెట్రజానే. వాచిన కాలును మరల మామూలు చేయలేదు గాని, వ్యాధి మరొకరికి ప్రాకకుండ అడ్డుకొనును. ఊరిలో ఆ మాత్రలు పంచిననాడు జనుల పేర్ల పట్టీ వ్రాసిన వారిలో నేనును ఒకడను. ఆ మాత్ర వెనుక భీమవరపు బాలుడొకడున్నాడని నాకప్పుడు తెలియదు. తెలిసియున్నచో, మ్రింగుటకు వెనుదీసిన వారికి ఆ కథ చెప్పియుందును.

1947లో భారతదేశమునకు స్వాతంత్ర్యము వచ్చెను. మరుసటి యేడు ఆగష్టు నెలలో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు పెర్ల్ రివరులోని తన యింట గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూసిరి. కండ దేనితో బ్రతుకునో తెలిపినవాని గుండె కండయే ముందుగ అలసి ఆగిపోయెను. ఖద్దరు అంగీ తొడుగుకొన్నందుకు పట్టము పోగొట్టుకొన్న ఆ దేశభక్తునికి స్వతంత్ర భారతమును కన్నులార చూచు భాగ్యము లేకపోయెను. 1995లో శతజయంతి సందర్భమున మన ప్రభుత్వమువారు ఆయన బొమ్మతో తపాలా బిళ్లను వెలువరించిరి. అంతకు ముందే 1953లో శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్రమునకు ఆయన పేరు పెట్టిరి.

ఇక లెక్క ముగించెదను. ఆయన జీవితములో జమ వైపున ఏమున్నది? కండ నాణెమును తెలిపిన జ్ఞానము, కోట్ల మందికి ఉపకరించిన మందులు. ఖర్చు వైపున ఏమున్నది? తల్లి ఎదురుచూపు, భార్య ఒంటరితనము, పసివాని మరణము, దక్కని గౌరవము, చూడని స్వదేశము. ఈ రెండు వైపులును సరితూగినవని చెప్పుటకు నేను చాలను. శేషగిరిగారి పద్దును ఎవరు తీర్చగలరు? కాని లోకము ఆయనకు ఋణపడియున్నదని మాత్రము నిస్సందేహముగ వ్రాయగలను. ఋణపడినవాడు కనీసము అప్పిచ్చినవాని పేరైనను గుర్తుంచుకొనవలెను.

పరీక్ష తప్పిన బాలురు మన ఊరిలోను ఉన్నారు, తెనాలిలోను ఉన్నారు, రేపల్లెలోను ఉన్నారు. ఫలితములు వచ్చిననాడు తల వంచుకొని ఇంటికి పోక, ఏ బాలుడైన ఈ గ్రంథాలయమునకు వచ్చి కూర్చుండిన, ఆతనికి చూపుటకు ఈ కథ ఇచట ఉండవలెనని వ్రాసితిని. ఈ హాలు గోడలపై దేశనాయకుల పటములున్నవి, కవుల పటములున్నవి. సుబ్బారావుగారి పటము లేదు. రజతోత్సవము ముగియులోపల ఒక పటము తెప్పించి కట్టించుటకగు ఖర్చును నేను భరించెదను. దానిని ఏ గోడకు తగిలింపవలెనో కార్యవర్గమువారు నిర్ణయింతురు గాక. పిల్లలు కూర్చుండు బల్లకు ఎదురుగ నున్న బాగుండునని నా మనవి.